అసలు కాగితాలు

ఇది ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం నాకు రాయడం రాకపోవడమే. పిల్లలు ఎవరి దారిన వాళ్ళు పడ్డాక, యాభై దాటిన వయసులో, మా పేటలో మధ్యాహ్నాలు ఆడవాళ్ళకు చదువు చెప్పే చోట పలక పట్టుకుని కూర్చున్నాను. నా పేరు రాయడానికి ఒక వేసవి పట్టింది. తప్పు లేకుండా ఒక వాక్యం రాయడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. "నువ్వు చెప్తూ ఉంటే ఎవరైనా రాసిపెట్టేవారు కదా" అని మనవరాలు అడిగింది. రాసిపెట్టేవాళ్ళకు ముందు నోటితో చెప్పాలి. ఇది నోటితో చెప్పగలిగిన సంగతి కాదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. ఈ సంగతి తెలియకుండానే ఆయన పోయారు.

అప్పట్లో మేము గాజువాకలో లైను ఇళ్ళలో ఉండేవాళ్ళం. ఎనభైల మొదటి సంవత్సరాలు. స్టీలు ప్లాంటు కడుతున్న రోజులు కాబట్టి పగలంతా రోడ్డు మీద లారీలే. మా ఆయన పోర్టులో సరుకు ఎత్తే కళాసీ. పక్కింటాయన కూడా అదే గ్యాంగు. ఇద్దరూ ఇనప ఖనిజం దుమ్ముతో ఒకేలా ఎర్రబడి ఇంటికొచ్చేవారు. తీగ మీద ఆరేసిన చొక్కాల్లో ఏది ఎవరిదో మాకే తెలిసేది కాదు. ఇద్దరికీ ఒకటే జీతం, ఒకటే రకం ఇల్లు, మధ్యలో గోడ కూడా ఒకటే. అందుకే ఆ ఇంట్లో మాకంటే ఎక్కువ ఏదున్నా నాకు ఇట్టే కనిపించేది. ఎక్కువ ఉన్నది ఒక్కటే. వదిన ఏడో తరగతి దాకా చదివింది.

చుట్టరికం ఏమీ లేదు. పక్కింటావిడను వదినా అని పిలవడం అలవాటు, ఆమె కూడా నన్ను అలాగే పిలిచేది. ఆమె గుమ్మం దగ్గర ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు కాగితాలు పట్టుకుని నిలబడి ఉండేవారు. రేషను కార్డు, మనియార్డరు ఫారం, ఊరి నుంచి వచ్చిన ఉత్తరం. ఆమె పిండి చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి చదివి పెట్టేది. చదివేటప్పుడు పెదవులు కదిలేవి కావు. అది నాకు నచ్చేది కాదు. ఆమె నాకు ఎప్పుడూ ఏ అపకారమూ చెయ్యలేదు. చేసి ఉంటే నాకు కొంత హాయిగా ఉండేది.

మా అమ్మాయి, వదిన కూతురు ఒకే బడిలో చదివారు. ఒకే వేసవిలో పదో తరగతి పాసయ్యారు. వదిన కూతురికి మా అమ్మాయి కంటే పదకొండు మార్కులు ఎక్కువ వచ్చాయి. లెక్కలు రాకపోయినా పదకొండంటే ఎంతో నాకు తెలుసు. చేతులకున్న వేళ్ళన్నీ అయిపోయి, ఇంకా ఒకటి.

ఇద్దరూ ఆడపిల్లల పాలిటెక్నిక్‌కు దరఖాస్తు పెట్టారు. మూడేళ్ళు చదివితే ఉద్యోగానికి పనికొచ్చే చదువు. పెద్ద కట్టడాలు ఎలా కట్టాలో కాగితం మీద గీసే పని నేర్చుకుంటానని మా అమ్మాయి అనేది. లారీలు పోతున్న వైపు చూపించి "అక్కడ కట్టేదంతా ముందు ఎవులో ఒకలు గీసినారు కదమ్మా" అనేది. దానికి ఇంకే చదువు మీదా మనసు లేదు. మార్కులను బట్టి ఇంటర్వ్యూకు పిలుస్తారు, కార్డు పోస్టులో వస్తుంది. ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. ఈలోగా ఇంటర్మీడియెట్ కాలేజీల్లో సీట్లు అయిపోతాయని అందరికీ భయం. అందుకని పాలిటెక్నిక్ రాకపోతే ఉంటుందని, టౌన్లో ఒక ఆడపిల్లల కాలేజీలో ఇంటర్‌కు కూడా దరఖాస్తు పెట్టాలని వదిన అంది.

ఆ పని మీదే ఆమె ఇద్దరి పిల్లల కాగితాలకూ టైపు కొట్టించి నకళ్ళు తయారు చేయించింది. ఒక రోజు మా ఇంటికి తెచ్చి ఇచ్చింది.

"ఇయ్యి నకళ్ళు ఒదినా. ఎక్కడడిగినా ఇయ్యే ఇయ్యి. అసలుయి పెట్టిలో దాసీసుకో" అంది.

"ఈ పచ్చ సిరా ఏటి?"

"ఆఫీసరు సంతకం. పశువులాసుపత్రి డాట్రుగారు పెట్టినారు. ఆయన పెడితే సెల్లుతాది."

ఆమె వెళ్ళాక మా ఆయనతో అన్నాను. "గేదెలకి సూదులేసే సేత్తో పెట్టిన సంతకం మన గుంట సదువుకెందుకు? మన దగ్గిర అసలుయి నేవేటి?"

ఆయన చుట్ట వెలిగించుకుంటూ "ఆవిడికి తెలుస్తాది. ఆవిడ సెప్పినట్టు సెయ్యి" అన్నారు.

పెళ్ళయినప్పటి నుంచి ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. బియ్యం కార్డు దగ్గర నుంచి పిల్ల జ్వరం మాత్రల దాకా ఆవిడికి తెలుస్తాది. నేను నకళ్ళను పెట్టె అడుగున పడేశాను. నిజమైన కాగితం మన చేతిలో ఉండగా దాన్ని చూసి కొట్టిన కాగితం ఇవ్వడం, ఇంట్లో బియ్యం పెట్టుకుని ఊక పట్టుకెళ్ళి ఇచ్చినట్టు అనిపించింది.

కాలేజీకి వెళ్ళాల్సిన రోజుకు మా అమ్మాయి ఊళ్ళో లేదు. మా తమ్ముడి భార్యకు పురుడొస్తే సాయానికి పంపాను. "మీయి కూడా నానే ఇచ్చెత్తాను, నువ్వు రానక్కర్నేదు" అంది వదిన. అక్కర్లేదన్నందుకే నేనూ బయల్దేరాను. సంచిలో అసలు కాగితాలు పెట్టుకున్నాను. మార్కుల కాగితం, టీసీ, పుట్టినూరి కాగితం.

కిటికీ దగ్గర తల్లుల వరస చాలా పొడుగ్గా ఉంది. ముందు వదిన వంతు వచ్చింది. ఆమె నకళ్ళు అందించింది. లోపల కూర్చున్న గుమాస్తా వాటిని తిరగేసి చూశాడు.

"నకళ్ళు అయితే లిస్టు పడేదాకా ఆగాలమ్మా. రెండు వారాలు పడుతుంది. ఒరిజినల్స్ ఇచ్చినవాళ్ళకు ఇవాళే సీటు రాసేస్తున్నాం."

"ఆగుతాం బాబూ" అంది వదిన.

తర్వాత నా వంతు. ఇవాళే సీటు అన్న మాట నా చెవుల్లో ఉంది. సంచిలోంచి అసలు కాగితాలు తీశాను. వదిన నా చెయ్యి పట్టుకుంది.

"ఒదినా, అయ్యి ఇచ్చీయకు. ఇచ్చీసేవంటే మరి తిరిగివ్వరు. రేపు పాలిటెక్నిక్కు కార్డొస్తే ఏటట్టుకెల్తావు?"

నాకు వేరేగా వినిపించింది. ఇన్నాళ్ళకు నా కూతురు ఒక్కసారి ముందుకు పోతుంటే ఈవిడ ఓర్వలేకపోతోంది అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు.

"మీ గుంటకంటే ముందు మా గుంటకొచ్చెత్తాదనేటి నీ బాద?"

వరసలో వాళ్ళు నవ్వారు. వదిన చెయ్యి తీసేసింది. గుమాస్తా ఒక అచ్చు కాగితం ముందుకు తోశాడు. వదిన నా భుజం మీదుగా చూసి, నేను అడగకుండానే, మెల్లగా చెప్పింది. "సదువు పూర్తయ్యీదాకా కాగితాలు తిరిగి అడగం అని ఉంది ఒదినా."

"ఉండనీ" అన్నాను. వేలు సిరాలో అద్ది నొక్కాను.

తిరుగు బస్సులో నాకు కిటికీ పక్కన చోటు దొరికింది. వదిన నిలబడింది. అంత సంతోషంగా నేను ఏ బస్సులోనూ కూర్చోలేదు. ఇంటికొచ్చి లైనంతా బెల్లం ముక్క పంచాను. మర్నాడు కుళాయి దగ్గర ఎవరో అడిగితే, వదిన వినేలా చెప్పాను. "మాది అయిపోనాది. ఆలది లిస్టు పడాల గావాల. ఏటి సేత్తారు, నకళ్ళకి అంతే మరి." వదిన బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

వారం తర్వాత మా అమ్మాయి ఊరి నుంచి వచ్చింది. సంగతి చెప్పాను. అది చెప్పులు విప్పుతూ ఆగిపోయింది.

"అసలు కాగితాలేనా అమ్మా?"

"అసలుయే. సీటొచ్చింది కదే."

"మరి పాలిటెక్నిక్కో?"

"కార్డొచ్చినప్పుడు సూద్దాం" అన్నాను. ఎదురు చెప్పి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. అది పెరట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కుని, చాలాసేపు అక్కడే నిలబడింది.

ఆ తర్వాత రోజులు నేను మర్చిపోలేదు. పోస్టుమాన్ పదకొండు గంటలకు వచ్చేవాడు. పదింటికే పిల్లలిద్దరూ మా రెండిళ్ళ మధ్య గట్టు మీద కూర్చునేవారు. వాళ్ళకు ఒకరి మీద ఒకరికి ఏమీ లేదు. ఒకే జామకాయ కొరుక్కుంటూ ఒకే వైపు చూసేవారు. నేను లోపల బియ్యం ఏరుతూ మొక్కుకునేదాన్ని. ఏమని మొక్కుకున్నానో రాయడానికే ఈ కాగితం తీసుకున్నాను. నా కూతురికి కార్డు రావాలని కాదు. ఆమె కూతురికి రాకూడదని. ఇద్దరికీ రాకపోతే నేను చేసింది సరైన పని అవుతుంది. నా కూతురికి ఆ పాలిటెక్నిక్ సీటు తప్ప వేరే ఆశ లేదని తెలిసి కూడా, రోజూ పదకొండు గంటలకు నేను ఆ మొక్కే మొక్కాను.

ముందు వదిన కూతురికి వచ్చింది. ఆ రోజు గోడ అవతల నవ్వులు వింటూ కూర మాడబెట్టాను. రెండు రోజులకు మా అమ్మాయికి వచ్చింది. అది కార్డు పట్టుకుని లోపలికి వచ్చి, చదివి వినిపించింది. వచ్చే సోమవారం ఇంటర్వ్యూ, అసలు సర్టిఫికెట్లు తేవాలి, లేకపోతే లోపలికి రానివ్వరు. కార్డు నా ఒళ్ళో పెట్టింది.

సాయంత్రం మా ఆయన షిఫ్టు దిగి వచ్చి కార్డు సంగతి విన్నారు. కాగితాలు తియ్యమన్నారు. కాగితాలు కాలేజీలో ఉన్నాయని తేలింది.

"ఎవులిమ్మన్నారు?" అన్నారు.

నేను అన్నం వారుస్తున్నాను. గంజి చేతి మీద పడింది. నేను నోరు తెరిచేలోపు మా అమ్మాయి అంది. "నానే నాన్నా. ఊరెల్లీముందు అమ్మకి నానే సెప్పినాను, అసలుయి ఇచ్చీమని. అమ్మకేటి తెలుసు."

"పది సదివినావు. ఈ మాత్రం తెలీదేటే నీకు?" అన్నారు ఆయన. ఇంకా చాలా అన్నారు. అది తలొంచుకుని పడింది. నేను గంజి గిన్నె మూత పెట్టాను. ఆయన రెండు రోజులు దానితో మాట్లాడలేదు. ఆ రెండు రోజుల్లో నేను ఎప్పుడైనా చెప్పొచ్చు. చెబితే మళ్ళీ ఆ మాటే వస్తుంది, ఆవిడ సెప్పినట్టు సెయ్యకపోనావా అని. ఆ మాట పడలేక నా కూతురిని తిట్లు తిననిచ్చాను.

శుక్రవారం ఒక్కదాన్నే కాలేజీకి వెళ్ళాను. గుమాస్తా నేను వేలిముద్ర వేసిన కాగితం తీసి చూపించాడు.

"ఇది మీ వేలే కదమ్మా? ఇందులో తిరిగి అడగం అని రాసుంది. అడిగిన వాళ్ళందరికీ ఇచ్చుకుంటూ పోతే మేమెందుకు ఇక్కడ?"

ఎంత బతిమాలినా కదల్లేదు. వట్టి చేతులతో వచ్చాను. ఇంటర్వ్యూకు మధ్యలో రెండు రోజులే ఉన్నాయి.

శనివారం పొద్దున్నే వదిన మా గుమ్మంలోకి వచ్చింది. మా అమ్మాయి చెప్పి ఉంటుంది. కుళాయి దగ్గర మాట నుంచి మేమిద్దరం సరిగా మాట్లాడుకోలేదు. "బేగి చీర మార్సుకో ఒదినా. ప్రిన్సిపాలమ్మగారినే అడుగుదాం. ఆదివారం కాలేజీ ఉండదు" అంది.

ప్రిన్సిపాల్ గది బయట గంటన్నర నిలబడ్డాం. పిలిచాక లోపలికి వెళ్ళాం. వదినే మాట్లాడింది.

"ఈవిడికి సదువు రాదమ్మగారూ. అచ్చరమ్ముక్క రాదు. కిటికీ కాడ కాగితవెట్టి ఏలు నొక్కించీసుకున్నారు. దాన్లో ఏటుందో ఒక్కలూ సెప్పనేదు."

ప్రిన్సిపాల్ గారు గుమాస్తాను పిలిపించారు. అతను గుమ్మంలో నిలబడి నన్నూ వదిననూ మార్చి మార్చి చూశాడు. కిటికీ దగ్గర ఎవరు ఏం చదివి చెప్పారో అతను విన్నాడు.

"ఏమ్మా, నీకు చదివి వినిపించలేదా?" అని ఆవిడ నన్ను అడిగారు.

వదిన నా వైపు చూడలేదు. గోడ మీద గడియారం చూస్తోంది.

"నేదమ్మగారూ" అన్నాను.

గుమాస్తాకు నా ముందే చీవాట్లు పడ్డాయి. పాపం, అతని తప్పు ఏమీ లేదు. ఇక్కడి సీటు వదులుకుంటున్నాం, మళ్ళీ అడగం అని అర్జీ రాసిమ్మన్నారు. వదిన అక్కడే బల్ల అంచున నిలబడి ఒక్క ఊపున రాసేసింది. కింద నేను వేలు నొక్కాను. కాగితాలు నా చేతికి వచ్చాయి.

తిరుగు బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే చోటు దొరికింది. ఆమె నా కూతురి బతుకు నిలబెట్టింది. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆ రోజు ఆమెను చూసి కుళ్ళుకున్నంతగా అంతకు ముందెప్పుడూ కుళ్ళుకోలేదు. అచ్చరమ్ముక్క రాదు అన్నప్పుడు ఆమె గొంతులో జాలి లేదు, ఎటకారమూ లేదు. ఏదో ఒకటి ఉంటే దాన్ని పట్టుకుని తిట్టుకునేదాన్ని. తాను చదివి వినిపించిన సంగతే దాచి, నా కోసం పెద్దల ముందు అబద్ధం ఆడింది. అబద్ధం కూడా నాకంటే బాగా ఆడింది. థాంక్స్ అనో, నీ మేలు మర్చిపోననో ఒక్క మాట అనాలి. పోర్టు రోడ్డు దాటేదాకా ఆ మాట కోసం వెతికాను. చివరికి "ఎండ మండిపోతంది" అన్నాను.

"అవునొదినా" అంది.

సోమవారం పిల్లలిద్దరినీ తీసుకుని ఇద్దరం పాలిటెక్నిక్‌కు వెళ్ళాం. ఒక్కొక్కరినీ లోపలికి పిలిచారు. మా అమ్మాయి లోపల ఉన్నంతసేపూ నేను వరండా స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాను. ఇంటర్ సీటు ఎలాగూ వదిలేశాం, ఈ సీటూ రాకపోతే తప్పు ఎవరిదో దానికి, నాకు, వదినకు తెలుసు. పొద్దు వాలే వేళకు జాబితా గోడకు అంటించారు. పిల్లలు పరిగెత్తారు. జనంలోంచి మా అమ్మాయి బయటకు వచ్చి నన్ను పట్టుకుంది.

"వొచ్చిందమ్మా. నానడిగిందే ఇచ్చినారు."

వదిన కూతురికి కూడా వచ్చింది. కాసేపు నాకు ఏడుపు తప్ప ఏమీ తెలియలేదు. ఏడుపు ఆగాక నేను అడిగిన మొదటి మాట ఇది.

"పైనెవుల పేరుందే?"

మా అమ్మాయి నా ముఖం వైపు చూసింది. "ఆలదే అమ్మా. ఇంక ఒగ్గీయ్ ఆ గోల" అంది.

మర్నాడు పది గంటల నుంచి అసలు కాగితాలు తీసుకుని చేర్చుకుంటామని చెప్పారు. "ఎనిమిదింటి బస్సుకి ఎల్దాం ఒదినా. నానొచ్చి తలుపు కొడతాను" అంది వదిన. సరేనన్నాను.

మర్నాడు పొద్దున్న నేను అందరికంటే ముందు లేచి, పిల్లను లేపి, తల దువ్వి, తలుపుకు తాళం వేశాను; మా ఆయన రాత్రి షిఫ్టు నుంచి ఇంకా రాలేదు. "పక్కింటోల్లో?" అని అది అడిగితే, వస్తారులే అన్నాను. మొదటి బస్సు ఎక్కేశాం. పాలిటెక్నిక్ గేటు ఇంకా తియ్యలేదు. వాచ్‌మన్ మమ్మల్ని చూసి "ఇంత పెందలాడే ఏటమ్మా, చీపురుకట్టట్టుకోడానికొచ్చినారా" అన్నాడు. పదింటికి కిటికీ తీశారు. మా అమ్మాయి కాగితాలు ఇచ్చింది. లోపలాయన పెద్ద పుస్తకంలో రాసుకున్నాడు.

"మాదే మొదటిదా బాబూ?" అన్నాను.

"మొదటిదే. ఎవరూ రాలేదుగా ఇంకా."

మా అమ్మాయి రసీదు మడిచి, నా వైపు చూడకుండా, వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి వదిన కూతురితో గబగబా నడుచుకుంటూ వచ్చింది.

"పెరటి తలుపు కొట్టి కొట్టి సెయ్యి నొప్పెట్టీసింది ఒదినా. ఈది తలుపుకి తాళం సూసీసరికి ఎనిమిదింటి బస్సు ఎల్లిపోనాది."

"మెలకువొచ్చీసింది. ఒచ్చీసేం" అన్నాను.

ఆమె నన్ను ఒక్క క్షణం చూసింది. కూతురిని కిటికీ దగ్గరకు పంపి, చేతి సంచిలోంచి గిన్నె తీసింది. మినపరొట్టె, మీద కొత్తావకాయ. "పొద్దున్నే ఏటీ తిన్నట్టు నేరు. నలుగురికీ సరిపడా అట్టుకొచ్చినాను" అని ముందు మా అమ్మాయికి పెట్టింది, తర్వాత నాకు పెట్టింది. నేను బెంచీ మీద కొంచెం జరిగి ఆమెకు చోటిచ్చి, రొట్టె తిన్నాను. చాలా బాగుంది. అంత బాగుండడం కూడా నాకు నచ్చలేదు. ఇంకో ముక్క అడిగి తిన్నాను.